ఒకే రూపాయిని రెండు చోట్ల చూపవచ్చునా?



2025 జూలై నెలలో ఒక శనివారం సాయంత్రం జపమాల ముగిసిన తర్వాత, మా విచారణకు చెందిన ఒక ప్రధానోపాధ్యాయులు చంకలో రెండు ఫైళ్లు పెట్టుకొని నా గదికి వచ్చారు. ఒక ఫైలు మీద "బీమా" అని, రెండవ దాని మీద "పన్ను" అని రాసి ఉంది. రెండింటిలోనూ ఉన్నవి వాళ్ల అమ్మగారి ఆసుపత్రి బిల్లులే. ఆవిడ ఉద్దానం ప్రాంతపు మనిషి. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిని, విశాఖపట్నంలో చికిత్స పొంది, 2025 జనవరిలో కన్నుమూశారు. అంత్యక్రియల పూజ నేనే చేశాను.

"ఫాదరుగారూ, ఈ వారం పేపరు చూశారా? అబద్ధపు మినహాయింపులు చూపించిన వాళ్ల మీద ఆదాయపు పన్ను శాఖ తనిఖీలు చేస్తోందట. నిరుడు నేను వేసిన రిటర్నులో ఒక లెక్క ఉంది. రిటర్ను వేసి పెట్టిన మనిషి 'బీమా డబ్బు సంగతి ఎవరడుగుతారు మాస్టారూ' అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు ఏటి చెయ్యమంటారు?" అని అడిగారు.

ఆయన చెప్పిన వార్త నిజమే. 2025 జూలై 14వ తేదీన ఆదాయపు పన్ను శాఖ దేశంలో 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు మినహాయింపులతో రిటర్నులు తయారుచేసే మధ్యవర్తులు దాని గురి. శాఖ పేర్కొన్న సెక్షన్లలో వైద్య ఖర్చులకు సంబంధించిన 80డి, 80డిడిబి కూడా ఉన్నాయి. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమంతట తాముగా రిటర్నులు సరిదిద్దుకొని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను ఉపసంహరించుకున్నారని కూడా శాఖ ప్రకటించింది.

ఆ వారంలోనే పలాస వైపు ఒక బ్యాంకులో గుమాస్తాగా పనిచేసే సోదరి ఒకరు కలిశారు. ఈమెది పూర్తిగా ఎదురు కథ. 72 ఏళ్ల తండ్రి మందుల ఖర్చు ఏళ్ల తరబడి తానే భరిస్తూ ఉంది. ఒక్క రూపాయి మినహాయింపు కూడా అడగలేదు. "బీమా కట్టలేదు కదా ఫాదర్, మనకేటి వస్తాదిలే అనుకున్నాను" అంది.

ఒకరు తనది కానిది తీసుకున్నారు, ఒకరు తనకు రావలసినది వదులుకున్నారు. ఇద్దరి కష్టానికీ కారణం ఒక్కటే, నియమం తెలియకపోవడం. కనుక ఈ వారం ఆ నియమాన్ని పాఠంగా నేర్చుకుందాము. ఇక్కడ చెప్పే సెక్షన్ల సంఖ్యలు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోనివి. 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయం వరకు ఆ చట్టమే వర్తిస్తుంది. 2025లో చేసిన కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల సంఖ్యలు మారాయి. ఆ తేదీ తర్వాతి ఆదాయానికి రిటర్ను వేసేటప్పుడు కొత్త సంఖ్యలు చూసుకోవాలి.

1. ముందు తేల్చుకోవలసిన ప్రశ్న

మీరు పాత పద్ధతిలో పన్ను కడుతున్నారా, కొత్త పద్ధతిలోనా? 2023-24 నుండి, మనం ఏమీ కోరకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది. కొత్త పద్ధతిలో పన్ను రేట్లు తక్కువ, అయితే 80డి గాని, 80డిడిబి గాని అందులో లేవు. పాత పద్ధతిలో అవి ఉన్నాయి, రేట్లు ఎక్కువ.

2025-26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి రిబేటు వలన మామూలు ఆదాయం మీద పన్ను పడదు. జీతం, పింఛను తీసుకొనే వారికి 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు కూడా ఉంది కనుక ఆ గీత 12,75,000 వరకు వెళుతుంది. మన విచారణలలోని చాలామంది ఉపాధ్యాయులు, నర్సులు, పింఛనుదారులు ఈ గీతకు లోపలే ఉంటారు. అటువంటి వారు వైద్య బిల్లులు పట్టుకొని పన్ను కోసం తిరగవలసిన పనే లేదు.

గీత దాటిన వారు రెండు పద్ధతులలోనూ లెక్క వేసి చూసుకోవాలి. ఇంటి అప్పు వడ్డీ, భవిష్య నిధి, పిల్లల ట్యూషన్ ఫీజు, వైద్య ఖర్చు అన్నీ కలిస్తే కొందరికి పాత పద్ధతే మేలవుతుంది. జీతగాళ్లు ఏ ఏటికి ఆ యేడు ఎంచుకోవచ్చు. అయితే పాత పద్ధతి కావాలంటే రిటర్నును గడువు తేదీ లోపలే వేయాలి. గడువు దాటితే ఆ యేటికి ఆ అవకాశం పోయినట్లే.

2. బీమా ప్రీమియం: సెక్షన్ 80డి

మన దేశంలో ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలు మెడిక్లెయిము పాలసీని 1986లో తెచ్చాయి. ఆ పాలసీ తీసుకొనేలా జనాన్ని ప్రోత్సహించడానికి వచ్చినదే 80డి.

మీకు, మీ జీవిత భాగస్వామికి, మీ మీద ఆధారపడిన పిల్లలకు కట్టిన ఆరోగ్య బీమా ప్రీమియంలో 25,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. వారిలో బీమా ఉన్నవారు 60 ఏళ్లు నిండినవారైతే 50,000 వరకు. దీనికి తోడు తల్లిదండ్రుల కోసం కట్టిన ప్రీమియానికి వేరుగా 25,000, వారు 60 నిండినవారైతే 50,000. అనగా 60 లోపు వయసు గల కొడుకు గాని కూతురు గాని పెద్దవారైన తల్లిదండ్రులకు కూడా పాలసీ కడితే మొత్తం 75,000 దాకా చూపవచ్చు.

ఇక్కడ మనవాళ్లు తరచుగా పొరబడే సంగతులు నాలుగు ఉన్నాయి. మొదటిది, తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉండాలనే షరతు 80డిలో లేదు. రెండవది, పెళ్లయిన కూతురు కూడా తన కన్నవారి కోసం కడితే ఆమెకు మినహాయింపు వస్తుంది, ఇది కొడుకులకు మాత్రమే రాసిన సెక్షన్ కాదు. మూడవది, అత్తమామల కోసం కట్టిన ప్రీమియం ఇందులోకి రాదు. నాలుగవది, ప్రీమియం నగదుగా కడితే మినహాయింపు లేదు. చెక్కు, బ్యాంకు బదిలీ, కార్డు, ఫోను ద్వారా చెల్లింపు, వీటిలో ఏదైనా సరే. ముందు జాగ్రత్తగా చేయించుకొనే ఆరోగ్య పరీక్షలకు మాత్రం 5,000 వరకు నగదు కూడా చెల్లుతుంది, ఆ 5,000 పైన చెప్పిన పరిమితి లోపలిదే.

మీ సంస్థ తన సొమ్ముతో ప్రీమియం కడితే అది మీ ఖర్చు కాదు, చూపకూడదు. మీ జీతంలో కోసి కడితే అది మీదే, చూపవచ్చు.

ఇంకొక ప్రశ్న వస్తుంది. "ఈ యేడు బీమా కంపెనీ నుండి క్లెయిము తీసుకున్నాను. ప్రీమియం మినహాయింపు పోతుందా?" పోదు. ప్రీమియం మీరు కట్టినదే, ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. వాపసు వచ్చింది ఆసుపత్రి ఖర్చుకు. ఆ వాపసు మీ ఆదాయం కూడా కాదు, చేసిన ఖర్చు పూడ్చడమే కనుక దానిని ఆదాయంలో కలపనక్కరలేదు.

3. బీమా లేని పెద్దవారు

మన బ్యాంకు సోదరి తెలుసుకోవలసినది ఇక్కడ ఉంది. 60 ఏళ్లు నిండిన వ్యక్తి పేరున ఆరోగ్య బీమా ఏదీ కట్టకపోతే, ఆ వ్యక్తి వైద్యానికి అయిన ఖర్చునే 80డి కింద చూపవచ్చు. పరిమితి 50,000. డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు అన్నీ చికిత్స ఖర్చే. ఇది తల్లిదండ్రులకు వర్తిస్తుంది, 60 నిండిన మీకే ఖర్చయినా వర్తిస్తుంది.

అయితే ఈ ఖర్చును కూడా నగదుగా చెల్లించకూడదు. ఆ సోదరి 2023-24లో తండ్రి మందులకు 38,000 ఖర్చు పెట్టింది, అంతా నగదే. అప్పట్లో ఆమె పాత పద్ధతిలో 20 శాతం పన్ను శ్లాబులో ఉంది. అదే మందుల దుకాణంలో అవే మందులను ఫోను ద్వారా చెల్లించి కొని, బిల్లు దాచి ఉంటే, సెస్సుతో కలిపి 7,904 రూపాయల పన్ను మిగిలేది. దాదాపు రెండున్నర నెలల మందుల ఖర్చు అది. నియమం తెలియక పోయిన డబ్బు అంటే ఇదే.

2025-26కి వచ్చేసరికి ఆమె జీతం కొత్త పద్ధతిలోని గీతకు లోపలే ఉంది కనుక పన్ను బాధ లేదు. ఆమె అన్నగారికి మాత్రం ఉంది. అందుచేత ఇప్పుడు మందుల ఖర్చు ఇద్దరూ పంచుకొని, అన్నగారు తన వంతును బ్యాంకు ద్వారా చెల్లిస్తున్నారు. ఎవరు చెల్లించారో వారికే మినహాయింపు. చెల్లెలు కట్టిన దానిని అన్న చూపకూడదు.

4. పెద్ద జబ్బులు: సెక్షన్ 80డిడిబి

కొన్ని జబ్బులు కుటుంబాలను అప్పులలో ముంచుతాయి. అటువంటి వాటిని చట్టం ఒక జాబితాగా పేర్కొంది. క్యాన్సరు, ముదిరిన ఎయిడ్స్, దీర్ఘకాలిక మూత్రపిండాల వైఫల్యం, హీమోఫీలియా, తలసీమియా, ఇంకా 40 శాతానికి తగ్గని వైకల్యం కలిగించిన పార్కిన్సన్స్, డిమెన్షియా వంటి నాడీ వ్యాధులు అందులో ఉన్నాయి.

మూత్రపిండాల జబ్బు గురించి మన జిల్లాల వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఉద్దానం అంటే ఉద్యానం, కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఎన్ని ఇళ్లలో డయాలిసిస్ అనే మాట రోజువారీ మాటగా మారిందో మనకు తెలుసు. కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా ఎందరో ఇంకా విశాఖపట్నం వెళ్లి సొంత డబ్బు పెట్టుకుంటున్నారు.

80డిడిబి కింద మీకు గాని, మీ మీద ఆధారపడిన భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు గాని ఈ జబ్బులకు చేయించిన చికిత్సకు 40,000 వరకు మినహాయింపు ఉంది. రోగి 60 నిండినవారైతే లక్ష రూపాయల వరకు. 80డిలో లేని షరతు ఇక్కడ ఉంది, రోగి పోషణకు పూర్తిగానో ప్రధానంగానో మీ మీద ఆధారపడి ఉండాలి. నగదు చెల్లింపుపై 80డిలో ఉన్న నిషేధం ఇక్కడ లేదు గాని రసీదు లేని ఖర్చును ఎవరూ ఒప్పుకోరు.

తగిన నిపుణుడి చీటీ తప్పనిసరి. మూత్రపిండాల జబ్బుకైతే నెఫ్రాలజీలో డి.ఎం. చేసిన డాక్టరు గాని, యూరాలజీలో ఎం.సీహెచ్. చేసిన డాక్టరు గాని ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స అయితే, అక్కడ పూర్తి కాలం పనిచేసే, జనరల్ మెడిసిన్‌లో పోస్టు గ్రాడ్యుయేషన్ చేసిన డాక్టరు ఇచ్చినా చెల్లుతుంది. చీటీలో రోగి పేరు, వయసు, జబ్బు పేరు, డాక్టరు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, చదువు ఉండాలి. డిశ్చార్జి అయ్యే రోజునే అడిగి తీసుకోండి. తర్వాత ఆ డాక్టరు ఏ ఊరు బదిలీ అవుతారో తెలియదు.

5. అసలు చిక్కు ఇక్కడ ఉంది

ప్రధానోపాధ్యాయుల లెక్క చూద్దాము. 2023-24లో అమ్మగారి చికిత్సకు ఆయన చెల్లించినది 1,86,000. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పాలసీ మీద బీమా కంపెనీ తిరిగి ఇచ్చినది 64,000. ఆయన రిటర్నులో చూపినది పూర్తి లక్ష.

బీమా నుండి గాని, పనిచేసే సంస్థ నుండి గాని ఆ చికిత్సకు డబ్బు వస్తే, దానిని మినహాయింపులో నుండి తీసివేయాలని 80డిడిబి చెబుతుంది. ఆ తీసివేత ఖర్చులో నుండి కాదు, మినహాయింపులో నుండి. తేడా గమనించండి.

చాలామంది వేసే లెక్క: ఖర్చు 1,86,000, వాపసు 64,000, మిగిలినది 1,22,000. అది లక్ష దాటింది కనుక పూర్తి లక్ష వస్తుంది.

చట్టం చెప్పే లెక్క: ఖర్చు 1,86,000, పరిమితి లక్ష, కనుక మినహాయింపు లక్ష. అందులో నుండి వాపసు 64,000 తీసివేయగా 36,000.

వాపసు లక్ష గాని అంతకు మించి గాని వస్తే 80డిడిబి కింద ఏమీ మిగలదు.

ప్రధానోపాధ్యాయులు వాదించారు. "ఫాదరుగారూ, నా జేబులో నుండి పోయినది నిజంగానే 1,22,000. నేను లేని ఖర్చు చూపలేదు కదా. లక్ష అడిగితే తప్పేటి?"

ఆయన మాటలో న్యాయం లేదని నేను అనలేను. ఇంకా ఉదారంగా రాయవలసిన నియమమే అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదన పార్లమెంటు సభ్యుని దగ్గర, ఉపాధ్యాయ సంఘం తీర్మానంలో, పత్రికలలో చేయవలసినది. రిటర్ను ఫారంలో, ఎవరికీ కనబడకుండా, మన తీర్పు మనమే రాసుకోవడం వేరు. మన పిల్లవాడు పరీక్షలో ప్రశ్న కష్టంగా ఉందని తన మార్కులు తానే వేసుకుంటే మాస్టారు ఒప్పుకుంటారా? అలా అడిగేసరికి ఆయన నవ్వారు, కాని కళ్లు తుడుచుకున్నారు.

6. ఎందుకు ఇలా?

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజులలో న్యాయం రెండు విధాలని నేర్చుకున్నాము. అరిస్టాటిల్ చేసిన ఈ విభజనను పునీత తోమాసు అక్వీనాసు గారు వివరించారు. మనిషికీ మనిషికీ మధ్య ఇచ్చిపుచ్చుకొనే దానిలో ఉండే న్యాయం ఒకటి. సంఘమంతటికీ చెందిన సొమ్మును, భారాన్ని సభ్యుల మధ్య పంచడంలో ఉండే న్యాయం రెండవది.

బీమా మొదటి రకం. మీరు ప్రీమియం కట్టారు, కంపెనీ మాట ఇచ్చింది, నష్టం వచ్చింది, పూడ్చింది. నష్టం పూడ్చడమే బీమా పని, లాభం తేవడం కాదు. ఒకే బిల్లు మీద రెండు పాలసీల నుండి రెండుసార్లు పూర్తి మొత్తం తీసుకోకూడదనే నియమం దీని నుండే వచ్చింది. మొదటి పాలసీ చాలకపోతే మిగిలిన దానికి రెండవ పాలసీని అడగవచ్చు. ఆసుపత్రిలో ఉన్న ఒక్కో రోజుకు ఇంత అనో, ఫలానా జబ్బు వస్తే ఇంత అనో స్థిర మొత్తం ఇచ్చే పాలసీలు వేరు. వాటి ఒప్పందమే వేరు కనుక వాటి డబ్బు ఆ ఒప్పందం ప్రకారం వస్తుంది. అటువంటి డబ్బు వస్తే రిటర్ను వేసే ఆడిటరు దగ్గర దాచకుండా చెప్పండి.

పన్ను మినహాయింపు రెండవ రకం. అది సంఘం మన భారాన్ని చూసి కొంత తాను మోయడం. కావడిలో ఒక వైపు బుట్టను ఇంకొకరు అప్పటికే దించితే, ఆ బుట్ట బరువు కూడా నా భుజం మీదే ఉందని చెప్పి సాయం అడగడం సత్యం కాదు. ఆ సాయం సొమ్ము ఎక్కడిది? సోంపేట ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలిసిస్ యంత్రం ముందు వరుసలో కూర్చున్న, పన్ను రిటర్ను అంటే ఏమిటో తెలియని జీడి తోట కూలీకి కూడా అందవలసిన సొమ్ము.

పన్ను చెల్లించడం నైతిక బాధ్యత అని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2240వ పేరాలో బోధిస్తుంది. 2409వ పేరా పన్ను ఎగవేతను, దొంగ బిల్లులను ఏడవ ఆజ్ఞకు విరుద్ధమైన పనులలో చేర్చింది. పన్ను ఎగవేత పాపమని ఒప్పుకొనే వారు కూడా "ప్రభుత్వ సొమ్మే కదా" అంటారు. ప్రభుత్వ సొమ్ము అంటే ఎవరిదీ కాని సొమ్ము కాదు.

అయితే న్యాయంగా రావలసిన మినహాయింపును తీసుకోవడం దురాశ కాదు. అది చట్టం ఇచ్చిన హక్కు. తండ్రి మందుల కోసం అప్పు చేసే ఇంటికి 7,904 రూపాయలు చిన్న మొత్తం కాదు. భయం చేత గాని, బద్ధకం చేత గాని వదిలివేయడం సద్గుణం అనిపించుకోదు.

7. ప్రభుత్వ పథకాలు, ఉద్యోగుల రీయింబర్స్‌మెంట్

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళం ఒకటి. మిగిలినవి అనంతపురం, మహబూబ్‌నగర్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ పథకం కింద ఆసుపత్రికి నేరుగా చెల్లించిన మొత్తం మీరు ఖర్చు పెట్టినది కాదు. బిల్లు మీద మీ వాళ్ల పేరు ఉన్నా సరే, దానిని పన్ను లెక్కలో చూపకూడదు. నగదు రహిత బీమా చికిత్సకూ ఇదే మాట.

ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు శాఖ నుండి వచ్చే రీయింబర్స్‌మెంట్ కూడా 80డిడిబిలో తీసివేయవలసినదే. బస్సు చార్జీలు, సత్రం అద్దె, తోడు వెళ్లిన వారి భోజనం ఎంత నిజమైన ఖర్చు అయినా చికిత్స ఖర్చులో చేరవు.

ఒక పాత అలవాటు గురించి కూడా చెప్పాలి. పూర్వం జీతంతో పాటు ఏటా 15,000 వరకు మెడికల్ బిల్లులకు పన్ను ఉండేది కాదు. మార్చి నెల వచ్చేసరికి మందుల దుకాణాలలో ఖాళీ బిల్లుల కోసం తిరిగిన వారిని మనం చూశాము. ప్రామాణిక తగ్గింపు వచ్చిన 2018-19 నుండి ఆ సౌకర్యం లేదు. ఆ బిల్లుల కోసం ఇంకా అడిగే వారు ఉంటే, మానుకోమని చెప్పండి.

8. తప్పు జరిగిపోతే?

రిటర్ను వేసిన తర్వాత బీమా డబ్బు రావచ్చు. అప్పుడు గడువు లోపల సవరించిన రిటర్ను వేస్తే సరిపోతుంది. ఆ గడువు కూడా దాటిపోతే, 2022లో తెచ్చిన "అప్‌డేటెడ్ రిటర్ను" అనే దారి ఉంది. 2025లో దాని కాలాన్ని రెండేళ్ల నుండి నాలుగేళ్లకు పెంచారు. పన్ను, వడ్డీ కట్టాలి, వాటిపై అదనంగా మొదటి ఏడాదిలోనైతే 25 శాతం, తర్వాత 50, 60, చివరి ఏడాదిలో 70 శాతం కట్టాలి. ఆలస్యమైన కొద్దీ బరువు పెరుగుతుంది. శాఖవారే కనిపెట్టి, తెలిసి చూపిన తప్పుడు లెక్క అని తేలిస్తే జరిమానా పన్నుకు రెండింతలు, అనగా 200 శాతం.

ప్రధానోపాధ్యాయులు ఎక్కువగా చూపినది 64,000. ఆయన 30 శాతం శ్లాబులో ఉన్నారు కనుక సెస్సుతో కలిపి 19,968 రూపాయల పన్ను, దాని మీద వడ్డీ, ఆ రెండింటి మీద 25 శాతం కట్టారు. కట్టిన రోజున చలాను నాకు చూపించి ఒక్క మాట అన్నారు. "డబ్బు పోయిందని బాధ లేదు ఫాదరుగారూ. అమ్మ పేరుతో ఒక అబద్ధం ఫైలులో ఉండిపోకూడదు. ఆవిడ బతికి ఉంటే అయిదు రూపాయల చిల్లర ఎక్కువ వచ్చినా తిరిగి ఇచ్చి రమ్మనేది."

రిటర్ను వేసి పెట్టిన వారి మీద ఆయన కోపగించలేదు. సంతకం తనదే కదా అన్నారు. ఇది మనందరం గుర్తుంచుకోవలసిన మాట. రిటర్ను ఎవరు తయారు చేసినా జవాబు చెప్పవలసినది పేరు గలవారే. "ఎంత రీఫండు వస్తే అందులో ఇంత నాకు" అని అడిగే వారి దగ్గరకు పోవద్దు.

9. ఈ వారం ఇంట్లో చేయవలసినది

రెండు ఫైళ్లు తీసి ఒకటి చేయండి. రోగి ఒక్కరే, జబ్బు ఒక్కటే, బిల్లు ఒక్కటే అయినప్పుడు ఫైలు రెండుగా ఎందుకు ఉండాలి? ఆ ఒక్క ఫైలులో ఈ అయిదు ఉండాలి.

ఒకటి, బిల్లులు, రసీదులు. అసలువి బీమా కంపెనీకి పంపే ముందు జెరాక్సు తీసి ఉంచుకోండి.
రెండు, చెల్లింపు జరిగినట్లు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు.
మూడు, బీమా కంపెనీ ఎంత ఇచ్చిందో, ఎంత కోసిందో తెలిపే సెటిల్‌మెంటు ఉత్తరం. సంస్థ నుండి రీయింబర్స్‌మెంట్ వస్తే ఆ ఉత్తర్వు.
నాలుగు, 80డిడిబి కోసం నిపుణుడి చీటీ.
అయిదు, ప్రీమియం రసీదు. పాలసీ నంబరు, కంపెనీ పేరు రిటర్నులో అడుగుతారు. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. తీసివేశారు, అంతకు ముందు 18 శాతం ఉండేది. కొత్త రసీదులో అది ఉండకూడదు, చూసుకోండి.

ఫైలు అట్ట లోపల ఒక కాగితం అంటించి, మూడు గీతలు గీయండి. "మొత్తం ఖర్చు", "ఇతరులు ఇచ్చినది", "మేము మోసినది". ప్రతి బిల్లు మీదా అది ఎక్కడ చూపారో పెన్సిలుతో రాయండి. 80డిలో చూపిన మందుల బిల్లు 80డిడిబిలో మళ్లీ కనబడకూడదు. తల్లికి కట్టిన ప్రీమియం 80డిలోను, ఆమె పెద్ద జబ్బు చికిత్స 80డిడిబిలోను చూపవచ్చు, అవి రెండు వేరు ఖర్చులు కనుక. ఒకే రూపాయిని మాత్రం రెండు చోట్ల చూపకూడదు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

కుటుంబంలో చర్చించడానికి

మన ఇంట్లో 60 ఏళ్లు నిండినవారు ఎవరు? వారికి బీమా ఉందా? లేకపోతే వారి మందుల డబ్బు ఎవరు, ఏ విధంగా చెల్లిస్తున్నారు?

గత నాలుగేళ్ల రిటర్నులలో మనకు తెలిసి తప్పుగా చూపిన వైద్య ఖర్చు ఏదైనా ఉందా? ఉంటే దానిని సరిదిద్దడానికి ఏ తేదీ పెట్టుకుంటున్నాము?

మన వీధిలో మినహాయింపు సంగతి తెలియని రోగి కుటుంబం ఏదైనా ఉందా? వారికి ఈ పేజీ చదివి వినిపించగలమా?

ప్రధానోపాధ్యాయులు ఇప్పుడు ఆదివారం పూజ తర్వాత గుడి వరండాలో ఒక బల్ల వేసుకొని కూర్చుంటున్నారు. బిల్లులు తెచ్చిన వారికి మూడు గీతల కాగితం గీసి ఇస్తారు. డబ్బు తీసుకోరు. మొన్న ఆదివారం అక్కడ కూర్చున్న మొదటి మనిషి మన బ్యాంకు సోదరి అన్నగారు.